ఒంటి దోనె, ఉమ్మడి చెరువు

తాటిచెట్టు మొదలు లావుగా ఉంటుంది. ఆ భాగాన్ని కోసి, లోపలి మెత్తని భాగమంతా తొలిచేస్తే దోనె తయారవుతుంది. అందులో ఒక మనిషి పడతాడు, సర్దుకుంటే చేపలు పట్టే అతని వెదురు మావులు కొన్ని పడతాయి. రెండో మనిషి ఎక్కితే అంచు నీళ్లకు తగులుతుంది. కొల్లేటి సరస్సులో తరతరాలుగా చేపల వేట నడిచింది ఎక్కువగా ఇలాంటి దోనెల మీదే. నరసాపురం దిక్కున సముద్రపు ఒడ్డున అలివి వల లాగాలంటే పదుల మంది చేతులు కలవాలి. కొల్లేరులో ఆ అవసరం లేదు. నీటి లోతు తక్కువ, గెడ నేలకు అందుతుంది, తోసుకుంటూ పోవచ్చు. ఒంటరిగా పనిచేయడం అక్కడి మనిషి స్వభావం కాదు, ఆ నీటి స్వభావం.

వెదురు బద్దలతో అల్లిన మావును దగ్గరగా చూస్తే ఆ పనిలోని నేర్పు తెలుస్తుంది. ముఖద్వారం దగ్గర బద్దలు లోపలికి వాలి ఉంటాయి. చేప తోసుకుని లోపలికి వస్తుంది, తిరిగి బయటపడే దారి దొరకదు. మావును పూర్తిగా ముంచకూడదు. కొర్రమీను నీటిపైకి వచ్చి గాలి పీల్చుకునే చేప, పైకి రానివ్వకపోతే నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. చచ్చిన కొర్రమీనుకు ధర లేదు. అందుకని మావు పైభాగం నీటిమట్టం కంటే కాస్త పైన ఉండాలి, రాత్రికి రాత్రి నీరు ఎంత పెరుగుతుందో ముందే అంచనా వేయాలి. సరస్సులోకి పారే బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు ఎప్పుడు పొంగుతాయో, ఆ నీటిని ఉప్పుటేరు ఎంత వేగంగా సముద్రానికి లాగేస్తుందో తెలియాలి. ఈ లెక్కంతా దోనెలో ఉన్న ఒక్కడి బుర్రలోనే జరగాలి. తప్పితే నష్టం అతనిదే, ఫలిస్తే పట్టిన చేపా అతనిదే.

అలాగని ఆ వేటగాడు ఎవరికీ జవాబుదారీ కాడనుకుంటే పొరపాటే. కొల్లేటి లంక గ్రామాల్లో చేపలు పట్టే వడ్డీల కులపెద్దల మాటకు ఎదురు లేదు. ఏ ఊరి నీళ్లు ఏ ఊరివో, వేటపాట ఎవరికి దక్కాలో పెద్దలే తేల్చేవారు. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర అందరిదీ. వేట ఒంటరిదైనా నీళ్లు ఉమ్మడివి. పట్టిన చేపను బుట్టకెత్తి అమ్మే పని ఇంటి ఆడవాళ్లది. దోనెలో ఒక్కడే కనిపించినా వెనుక ఒక ఇల్లు, ఒక ఊరు ఉండేవి. ఉమ్మడి వనరును వాడుకునేవాళ్లే కట్టుబాట్లు పెట్టుకుని కాపాడుకోగలరని అమెరికన్ పండితురాలు ఎలినార్ ఆస్ట్రమ్ 1990లో పుస్తకం రాసి నిరూపించింది, 2009లో నోబెల్ బహుమతి అందుకుంది. ఆమె ఉదాహరణల్లో చేపల వేట కూడా ఉంది. లంకల పెద్దలకు ఆ సిద్ధాంతం పేరు తెలియదు గానీ ఆచరణ మాత్రం బాగా తెలుసు.

గుంపుగా పనిచేయాలన్న ఆలోచన ఈ నీళ్లలోకి బయటి నుంచి వచ్చింది, సదుద్దేశంతోనే వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారి 1890లలో రైతు రుణాల మీద పెద్ద నివేదిక రాశాడు. జర్మనీలోని పల్లె పరపతి సంఘాలు ఇక్కడా రావాలన్నాడు. 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. 1907లో మద్రాసు మత్స్యశాఖ మొదలైనప్పుడు దాన్ని నడిపిందీ ఆ నికల్సనే. సహకారమూ చేపలూ ఒకే మనిషి మేజాబల్ల మీద కలుసుకున్నాయి. పేదవాడు ఒంటరిగా ఉన్నంతకాలం వడ్డీ వ్యాపారికి బందీయేనన్నది అప్పటి సంస్కర్తలందరి నమ్మకం. అందులో నిజం లేకపోలేదు. వలకు, దారానికి, వెదురుకు అప్పు తెచ్చి, పట్టిన చేపను అప్పిచ్చినవాడికే అతను చెప్పిన ధరకు పోయడం వేటగాళ్లందరికీ తెలిసిన బతుకే.

స్వాతంత్ర్యం తరవాత ఈ వాదం నేల మీదికీ వచ్చింది. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ ఉమ్మడి సహకార వ్యవసాయం కావాలని తీర్మానించింది. దాన్ని గట్టిగా ఎదిరించిన తెలుగువాడు గుంటూరు జిల్లా నిడుబ్రోలుకు చెందిన ఆచార్య ఎన్.జి.రంగా. ఆ ఏడే కాంగ్రెస్ వదిలి, రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి, దానికి తొలి అధ్యక్షుడయ్యాడు. గట్టు చెరిపేసి పొలాలన్నీ కలిపేయడమన్నది కృష్ణా, గోదావరి డెల్టాల రైతుకూ మింగుడుపడలేదు. విత్తనానికి, ఎరువుకు, అప్పుకు సంఘం కావాలన్నాడు, నాగలి మాత్రం తన చేతిలోనే ఉండాలన్నాడు. రంగా రాజకీయాల మీద ఎవరి అభిప్రాయం వారిది. సంఘానికీ సొంత పనికీ మధ్య గీత ఎక్కడ గీయాలన్న విషయంలో మాత్రం రైతు చెప్పిందే సరైనదని నేను నమ్ముతాను.

కొల్లేటి వేటగాడికి ఆ గీత గీసుకునే అవకాశమే రాలేదు. 1976లో జలగం వెంగళరావు ప్రభుత్వం కొల్లేటి గర్భంలో చేపల చెరువులు తవ్వించి, వడ్డీలకు, దళితులకు వందకు పైగా సొసైటీలు ఏర్పాటు చేసి అప్పగించింది. ఆ కాలానికి అది గొప్ప పనే. పేదలకు నీటి మీద హక్కు కాగితం రూపంలో వచ్చింది. కానీ చెరువు వేట వేరు, మావు వేట వేరు. చెరువులో చేప దానంతటది రాదు. బొచ్చె, శీలావతి పిల్లల్ని కొనాలి, తవుడు, తెలకపిండి పోయాలి, గట్టు తెగితే మళ్లీ కట్టాలి, ఏడాది చివర దాకా పెట్టుబడి పెడుతూనే ఉండాలి. రోజుకింత పట్టి రోజుకింత తినే కుటుంబం దగ్గర అంత డబ్బెక్కడిది? డబ్బున్నవాళ్లు వచ్చారు. చెరువులు లీజుకు పోయాయి.

తరవాత జరిగింది ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. సొసైటీ పేరు పేదలది, చెరువు పెత్తనం లీజుదారుది. సభ్యుడికి ఏడాదికోసారి వాటా పేరిట కొంత సొమ్ము, మిగతా రోజుల్లో సొంత చెరువు గట్టు మీదే కాపలా కూలి. గట్లు సరస్సులోకి ఇంకా ఇంకా చొచ్చుకుపోయాయి. ఐసు పెట్టెలతో లారీలు ఏలూరు, తాడేపల్లిగూడెం మీదుగా జాతీయ రహదారెక్కి కలకత్తా దారి పట్టాయి. ఆ సంపద అబద్ధం కాదు, కైకలూరు, ఆకివీడు పెరిగింది దానివల్లే. దోనె తోసుకుని పోదామనుకున్నవాడికి మాత్రం ఎటు చూసినా గట్టే అడ్డొచ్చింది. సంఘంలో చేరకుండా ఉండే వీలు లేదు, చేరితే చేతిలో పని ఉండదు. నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే బాధ కలిగించే ఘట్టం ఇదే. గుంపు అతని శ్రమను పంచుకోలేదు, అతని సంతకాన్ని మాత్రం తీసుకుంది.

1999లో ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) వరకు, 308 చదరపు కిలోమీటర్ల మేర, కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలోకి ఎక్కింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాల వెంట పొక్లెయిన్లు వచ్చాయి, గట్లు పేలుడు పదార్థాలతోనూ తెగాయి. అభయారణ్యంలో చెరువులు కూడదు, సంప్రదాయ వేట చేసుకోవచ్చు అన్నారు. అంతకు ముప్పై ఏళ్ల ముందు ఏ ఒంటరి వేట నుంచి అతన్ని సంఘంలోకి తెచ్చారో, చట్టం మళ్లీ ఆ వేటకే పొమ్మంది. ఆ ముప్పై ఏళ్లలో నీరు మారిపోయింది. గుర్రపుడెక్క దట్టంగా అల్లుకుంది. ఏలూరు మురుగు, చెరువుల మురుగు, ఎగువ మండలాల పొలాల మందులు అందులోనే కలిశాయి. అంతకంటే పెద్ద లోటు నేర్పుది. గట్టు మీద కాపలా కాస్తూ పెరిగిన కుర్రాడికి మావు అల్లడం ఎవరు నేర్పారు?

2008లో శాసనసభ అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని తీర్మానించింది. ఆ వాదం నేటికీ తెగలేదు. నాకు కనిపించే లోపం వేరే. ఈ వాదంలో మాట్లాడేవి సంఘాలు, శాఖలు, పార్టీలు. ఒంటి దోనె వేటగాడు అడిగేవి ఇంతకంటే చిన్నవి: ఎండాకాలంలో ఉప్పుటేరులోకి నీరంతా జారిపోకుండా రెగ్యులేటర్లు, దోనె నడిచేటంత వెడల్పున డెక్క తీసిన దారులు, వల, వెదురు కొనుక్కోవడానికి సంఘం పూచీ లేకుండా అతని పేరు మీదే ఇచ్చే చిన్న అప్పు, పట్టిన చేపను ఆ పూటే తూచి డబ్బిచ్చే రేవు. సంఘం ఆ రేవు దగ్గర ఉంటే చాలు, దోనెలోకి ఎక్కనక్కరలేదు.