ఖాళీ వాగను ఎవరిది?

ఏలూరు నుండి తాడేపల్లిగూడెమునకు పోవు రైలుమార్గము ప్రక్కన కొంతసేపు నిలుచున్నవారికి రెండు విధములైన గూడ్సు బండ్లు కనబడును. కొన్ని సరకుతో బరువుగా, నిదానముగా సాగుచుండును. కొన్ని డబడబ మ్రోగుచు పోవును. చప్పుడెక్కువైన బండిలో సామాన్యముగా ఏమియు ఉండదు. బొగ్గును మోయు బాక్స్‌ఎన్ అను కప్పు లేని వాగను ఖాళీగా ఉన్నప్పుడే సుమారు 22.5 టన్నులు తూగును. అట్టివి 58 కూర్చిన బండిని ఖాళీగా నడిపినచో ఇంజను 1,300 టన్నుల ఇనుమును ఊరకనే లాగుచున్నదన్నమాట. దానికి కిరాయి ఇచ్చువారెవ్వరును లేరు. అయినను ఆ బండి తిరిగి పోకున్నచో గనివద్ద బొగ్గు ఆగిపోవును. కప్పుగల వాగనులు తిరిగి రాకున్నచో మిల్లులో బియ్యము ఆగిపోవును.

రైళ్లు రాకమునుపు ఈ ప్రాంతమున సరకంతయు కాలువలమీదనే నడిచెడిది. గోదావరి నుండి వచ్చు కాలువయు, కృష్ణ నుండి వచ్చు కాలువయు ఏలూరులో కలియును. పడవ ఎంత దూరము పోయినను, యజమానియో అతని మనిషియో దానిలోనే ఉండును. తిరుగు ప్రయాణమున సరకు దొరకిన వేసికొనును, దొరకనిచో ఖాళీగా వచ్చును, కాని పడవ మాత్రము తప్పిపోదు. రైలు వాగనుతో కూడ పోవువాడు లేడు. అది ఎవరి పట్టాలమీద ఉన్నదో వారి చేతిలో ఉన్నట్లే. చిక్కంతయు ఇక్కడనే పుట్టినది.

బెజవాడకు మొదట రైలును తెచ్చినది నిజాం రాష్ట్రపు రైల్వే. ఆ మార్గము 1889లో సికింద్రాబాదు వైపునుండి బెజవాడ చేరినది. 1893-1896 నడుమ ఈస్టు కోస్టు రైల్వే బెజవాడ నుండి ఏలూరు, తాడేపల్లిగూడెము, వాల్తేరుల మీదుగా కటకమువరకు నిర్మింపబడినది. బెజవాడ-మద్రాసు మార్గము 1899లో కలిసినది. రాజమండ్రివద్ద గోదావరి వంతెన 1900లో తెరువబడినది. తరువాత ఈ తీరపు మార్గమును రెండుగా పంచిరి. వాల్తేరుకు దక్షిణభాగము 1901లో మద్రాసు రైల్వేకును, ఉత్తరభాగము 1902లో బెంగాలు నాగపూరు రైల్వేకును పోయినవి. 1908లో మద్రాసు రైల్వే, సదరన్ మరాఠా రైల్వేతో కలిసి మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వే అయినది. కావున ఏలూరులో బియ్యము ఎక్కించిన వాగను ఉత్తరమునకు పోయినచో వాల్తేరులోను, తెలంగాణమునకు పోయినచో బెజవాడలోను పరాయి సంస్థ చేతికి చిక్కెడిది. ఆ సంస్థల కచ్చేరీలు మద్రాసు, కలకత్తా, సికింద్రాబాదులలో నుండెను.

సరకు దింపిన పిమ్మట ఆ వాగనును ఏమి చేయవలెను? న్యాయముగా తిరిగి పంపవలెను. కాని అచటి స్టేషను మాస్టరు ఎదుట ఆ క్షణమున వాగను కొరకు వేచియున్న వర్తకుడుండును. పరాయి వాగను పేరు ఏదైనను దాని చక్రములు తిరుగును గదా! దానిలోనే సరకువేసి ఇంకొక దిక్కునకు పంపివేసెడివారు. ఇట్లు రెండుమూడు మార్లు జరిగినచో ఏలూరు వాగను ఎక్కడెక్కడనో తిరుగుచుండును. ఇచట సార్వా పంట కోతలై ధాన్యము మిల్లులకు చేరు సంక్రాంతి రోజులలో మిల్లరులు వాగనులు లేవని మొరపెట్టుకొనుచుందురు.

ఈ తగవు మన దేశమున పుట్టినది కాదు. ఇంగ్లండులో రైల్వేలు ఒకదానితో నొకటి కలియగానే ఇది తలయెత్తినది. 1842లో లండనునగరమున రైల్వే క్లియరింగు హవుసు అను ఉమ్మడి లెక్కల కార్యాలయము వెలసినది. జంక్షనులలో ఈ కార్యాలయపు ఉద్యోగులు నిలిచి, దాటిపోవు ప్రతి వాగను నంబరును పుస్తకములలో వ్రాసికొనెడివారు. వానలోను మంచులోను నిలువబడి నంబరులు వ్రాయు ఈ మనుష్యులను నంబరు టేకరులనిరి. రైల్వే చరిత్రలలో ఇంజనును కల్పించినవారి బొమ్మలు పుటలకొలది ఉండును గాని, ఈ నంబరు టేకరులను గూర్చి వాక్యమొకటి వెదకుటయు కష్టము. వారి పుస్తకములు లేకున్నచో ఏ సంస్థకు ఎంత రావలయునో తేల్చుటకు ఆధారమే యుండెడిది కాదు.

కిరాయి ఎట్లు కట్టవలెనన్నదానిలో రెండు మార్గములున్నవి. వాగను నడచిన మైళ్లనుబట్టి కట్టుట ఒకటి, నిలిపియుంచుకొన్న దినములనుబట్టి కట్టుట రెండవది. అమెరికాలో చాలకాలము మొదటి పద్ధతియే నడచినది. దానిలోని లోపమును ఉన్నతపాఠశాల విద్యార్థి సయితము కనిపెట్టగలడు. నిలిచియున్న వాగను మైలు నడువదు, కావున దానికి కిరాయి లేదు. పరాయి వాగనును సైడింగులో నిలిపి, సరకు దింపక, గిడ్డంగివలె వాడుకొన్నను ఖర్చు కాదు. 1902 జులై 1 నుండి అమెరికా రైల్వేలు దినమునకు 20 సెంట్లు చొప్పున కిరాయి కట్టు నియమమునకు మారినవి. దానితోపాటు మరియొక నియమమును నడచినది: ఖాళీ అయిన పరాయి వాగనులో దాని ఇంటివైపునకు పోవు సరకునే వేయవలెను, అట్టి సరకు లేనిచో వచ్చిన త్రోవనే ఖాళీగా పంపివేయవలెను.

వర్తకునినుండి రైల్వేలు వసూలుచేయు డెమరేజి కూడ ఈ దినపు కిరాయి జాతిదే. గడువులోపల సరకు దింపనివాడు వాగనును గిడ్డంగిగా వాడుకొన్నట్లే లెక్క.

దినపు కిరాయి వాగనులను త్వరగా ఇల్లు చేర్చును, నిజమే. అయితే కొత్త నష్టమొకటి తెచ్చినది. ఒక ఉదాహరణము చూడుడు. బెంగాలు నాగపూరు వారి ఖాళీ వాగనులు నలుబది బెజవాడనుండి వాల్తేరువైపు బయలుదేరినవనుకొనుడు. అదే దినమున వాల్తేరులో ఖాళీ అయిన మద్రాసు వారి నలుబది వాగనులు బెజవాడవైపు బయలుదేరినవి. ఆనాడు ఈ త్రోవ ఒంటి మార్గము. కావున తాడేపల్లిగూడెములో ఒక బండి ప్రక్క లైనులో నిలిచి, రెండవదానికి దారి ఇచ్చును. రెండును ఖాళీయే, రెండును ఒకే కొలతవి, ఒకే పనికి వచ్చునవి. పేర్లు మాత్రమే వేరు. ఆ పేర్లకొరకు రెండు ఇంజనుల బొగ్గు కాలిపోవుచున్నది. వాటి వెనుక సరకుతో నున్న బండి దారి దొరకక నిలిచియున్నది.

ఈ వెర్రిని పోగొట్టుటకు వచ్చినదే పూలు పద్ధతి, అనగా వాగనుల ఉమ్మడి. భారత రైల్వేలన్నింటికిని ఉమ్మడి నియమములు చేయుటకు ఇండియన్ రైల్వే కాన్ఫరెన్సు అసోసియేషను ఈ శతాబ్దమునకు వెనుకటి శతాబ్దారంభముననే, 1903లో, ఏర్పడినది. మొదటి ప్రపంచయుద్ధము తెచ్చిన వాగనుల కరవులో బ్రాడ్‌గేజి వాగనులను ఉమ్మడి చేయు పద్ధతి బలపడినది. దీని కీలకము చాల చిన్నది. వచ్చిన వాగనునే తిరిగి ఇయ్యనక్కరలేదు, అన్ని వాగనులు ఇచ్చిన చాలును. బెజవాడలో ఒకనాడు మద్రాసు వారు నిజాం రైల్వేకు 120 వాగనులు అప్పగించి 110 తీసికొన్నారనుకొనుడు. ఆ 120 ఎవరివి, ఈ 110 ఎవరివి అను విచారణ లేదు. నిజాం రైల్వే 10 వాగనులు బాకీ, ఆ పదింటికి దినపు కిరాయి కట్టవలెను. బాకీ తీర్చుటకు ఏ పది వాగనులనైనను పంపవచ్చును. పొరుగింట అరువుతెచ్చిన సోలెడు బియ్యమునకు ఆ గింజలనే తిరిగి ఇచ్చువారు లేరు గదా. ఎవరివద్ద ఎక్కువ చేరినవి, ఎవరికి తక్కువైనవి అని చూచి సర్దుటకు అసోసియేషనులో వాగనుల మార్పిడికి ఒక డైరెక్టరు ఉండెను. నూనె ట్యాంకులవంటి ప్రత్యేకపు వాగనులు పూలులో చేరలేదు. వాటిని సొంతదారునకే తిరిగి పంపవలెను.

ఉమ్మడి అనగానే మరియొక తగవు సిద్ధముగా నుండును. వాగను అందరిదియైనప్పుడు దానికి నూనె వేయువాడెవడు? విరిగిన తలుపును బాగుచేసి పంపినచో ఖర్చు తనది, సుఖము ఇతరులది. చూడనట్లు జంక్షను దాటించినచో ఖర్చు ఇతరులది. కావుననే ఏ రైల్వేకును చెందని పరీక్షకులను అసోసియేషను తరపున మార్పిడి స్థలములలో నియమించిరి. వాగను చక్రములు, బ్రేకులు, తలుపులు చూచి, ఏది తీసికొనదగినది, ఏది త్రోసివేయదగినది అని చెప్పుట వారి పని. ఏ లోపమున్న వాగనును నిరాకరింపవచ్చునో తెలుపుటకే ఒక నియమపుస్తకము కలదు. కిరాయి లెక్కలకంటె ఈ భాగమే పూలును నిలబెట్టినదన్నను తప్పులేదు.

అయితే లెక్కకు సరిపోయిన వాగను పనికి సరిపోవునని చెప్పలేము. సింగరేణి బొగ్గు బెజవాడమీదుగా దక్షిణమునకు కప్పు లేని వాగనులలో వచ్చును. అవి ఖాళీయైనను ఏలూరు మిల్లరునకు ఉపయోగము లేదు. బియ్యపు బస్తాలకు కప్పును తలుపులును కావలెను. అందుచేత ఖాళీ వాగనులు ఒక చేతిలో నిండుగా నుండగా, రెండవచేతిలో కరవు ఉండెడిది. ఇక కొల్లేటికి దక్షిణపు దరి కథ వేరు. గుడివాడ నుండి కైకలూరు, ఆకివీడుల మీదుగా భీమవరమునకు 1928లో వేసినది మీటరుగేజి మార్గము. ఏలూరు స్టేషనులో బ్రాడ్‌గేజి ఖాళీలు ఎన్ని యున్నను సరస్సుకు ఆవలనున్న కైకలూరునకు ఒక్కటియు పోజాలదు. పట్టాల నడిమి దూరము ఇచట 1,676 మిల్లీమీటరులు, అచట 1,000. బెజవాడలో బస్తాలను ఒక వాగనునుండి దింపి వేరొకదానిలోని కెత్తవలెను. ఆ మార్గము బ్రాడ్‌గేజిగా మారువరకు కూలీల వీపులే రెండు గేజిల నడుమ వంతెన.

ప్రభుత్వపు నిర్ణయములును ఖాళీల దిక్కును మార్చగలవు. 1957లో ఆంధ్రప్రదేశ్, మద్రాసు, మైసూరు, కేరళ రాష్ట్రములను దక్షిణ ఆహారమండలముగా కూర్చిరి. గోదావరి మండలపు బియ్యమునకు దక్షిణపు దారి తెరచుకొన్నది. కేరళకు బియ్యము మోసిన వాగనులకు ఆ తూకమున తిరుగు సరకు అచట దొరకుట అరుదు. కావున బియ్యమెంత దూరము పోయినదో ఖాళీయు అంతదూరము రావలెను.

1951 ఏప్రిల్ 14న దక్షిణ రైల్వే ఏర్పడినది, ఏలూరు దానిలో చేరినది. నిజాం రైల్వే అదే సంవత్సరము మధ్య రైల్వేలో కలిసినది. అన్నియు ప్రభుత్వమువే అయినను లెక్కలు ఆగలేదు. ఒక్కొక్క జోనునకు వేరువేరు ఆదాయవ్యయములుండుటచే విజయవాడ సరిహద్దుగనే నిలిచినది. 1966 అక్టోబరు 2న దక్షిణమధ్య రైల్వే వెలసి, విజయవాడ, సికింద్రాబాదు డివిజనులు రెండును దానిలో చేరినవి. అంతటితో డెబ్బదియేడేండ్ల ఆ సరిహద్దు మాసిపోయినది. పట్టాలు కదలలేదు, వాగనులు మారలేదు. కాగితము మీది గీత ఒకటి చెరిగినది, దానితో విజయవాడలో రెండు రైల్వేల నడుమనుండిన బాకీల లెక్కయు చెరిగినది.

నంబరు మాత్రము నేటికిని విడువరానిది. ఇప్పటి వాగనుపై పదునొకండు అంకెలుండును. మొదటి రెండు వాగను రకమును, తరువాతి రెండు సొంతదారైన రైల్వేను, ఆపై రెండు తయారైన సంవత్సరమును, పిమ్మటి నాలుగు దాని వరుససంఖ్యను తెల్పును. చివరిది పరీక్షాంకె. ఊహించిన సంఖ్య 3109051235 తీసికొనుడు. సరిస్థానములలోని 1, 9, 5, 2, 5 కూడిన 22, దానిని 3చే గుణించిన 66. బేసిస్థానములలోని 3, 0, 0, 1, 3 కూడిన 7. మొత్తము 73. దానిపై వచ్చు పదుల సంఖ్య 80కి కావలసిన 7 పరీక్షాంకె. గుమాస్తా పొరపాటున చివరి 35ను 53గా వ్రాసినచో మొత్తము 69 అగును, పరీక్షాంకె 1 కావలెను. 7 ఉన్నది గనుక కంప్యూటరు ఆ నంబరును త్రోసివేయును. ప్రక్కప్రక్కనున్న అంకెల భేదము 5 అయినప్పుడు మాత్రము తారుమారును ఇది పట్టజాలదు. ఎందుచేతనో విద్యార్థులు తరగతిలో సాధించి చూడవచ్చును.

ఇప్పుడు తాడేపల్లిగూడెమునకు ఒంటి వాగను రాదు. కప్పుగల వాగనులు 42 గాని, కొత్త రకమైనచో 58 గాని ఒకే జట్టుగా వచ్చును, జట్టుగానే పోవును. పెద్ద సంస్థలకిది సులువు, ఒక వాగను నింపగల చిన్న మిల్లరునకు లారీయే గతి. ఖాళీ వెళ్లు దిక్కుననే సరకు వేయువారికి కిరాయిలో రాయితీ ఇచ్చు ఏర్పాటును రైల్వేలు 2000 తరువాతి సంవత్సరములలో ప్రవేశపెట్టినవి. 2019లో ప్రభుత్వము విశాఖపట్టణము కేంద్రముగా దక్షిణకోస్తా రైల్వేను ప్రకటించినది. దాని ప్రకారము విజయవాడ డివిజను క్రొత్త జోనునకు పోవును, సికింద్రాబాదు డివిజను పాత జోనులో నిలుచును. 1966లో చెరిపిన గీతను ఇంచుమించు ఆ చోటనే మరల గీయు నిర్ణయమది.