మాట దారి, మూట దారి

ఆళ్లగడ్డ నుండి నంద్యాలకు రోజూ బస్సులో వచ్చే ఇంజనీరింగు విద్యార్థులు కొందరు, “సార్, సెల్ ఫోనులోకి అంతర్జాలం వచ్చిన కథ తెలుగులో చెప్పగలరా?” అన్నారు. ఆ ప్రశ్న నా భాషకే పరీక్షగా తోచింది.

1995 జూలై 31న కలకత్తా, ఢిల్లీల నడుమ మన దేశపు తొలి సెల్ సంభాషణ జరిగింది. ఆ పద్ధతిలో మాట్లాడినా, మౌనం వహించినా, ఫోను పెట్టేసేవరకు దారి ఆ ఇద్దరిదే. అద్దె కారు వంటిది. తరువాత వచ్చిన జీపీఆర్ఎస్ పద్ధతి సమాచారాన్ని చిన్న చిన్న మూటలు కట్టి, ప్రతి మూటకూ చిరునామా తగిలించి, అందరివీ ఒకే దారిన పంపింది; అది వారెక్కే బస్సు. కనుకనే రుసుము నిమిషాలను విడిచి కిలోబైట్లను ఆశ్రయించింది.

2013 జూలైలో మూతపడిన తంతి కూడా మాటలను లెక్కించే రుసుము తీసుకొనేది. పాత లెక్కే కొత్త వేషంలో వచ్చిందన్నాను. పిల్లలు పుస్తకాలలో ‘ప్యాకెట్’ పక్కన ‘మూట’ అని వ్రాసుకొన్నారు.