కానుక, హక్కు: తెలుగు పాలనాభాషలో పింఛను, వైకల్య ఉపాధి

ఉపోద్ఘాతం

ఇంగ్లీషు నుంచి తెలుగులోకి వచ్చిన పాలనాపదాల్లో 'పింఛను' అంతగా ఇంటిమాటగా మారినవి కొన్నే. చివర ఉకారం చేర్చుకొని అది తెలుగు మాటే అయిపోయింది. ముసలి పింఛను, ఒంటరి మహిళ పింఛను, వికలాంగ పింఛను అంటూ కొత్త కూర్పులూ ఏర్పడ్డాయి. పదవీ విరమణ చేసిన ఉద్యోగికి అందేది పింఛనే. జీవితమంతా కూలికి వెళ్లిన వృద్ధురాలికి అందేదీ పింఛనే. మాట ఒకటే అయినా ఈ రెండింటి చట్టస్థితి ఒకటి కాదు. మొదటిది న్యాయస్థానంలో అడిగి తెచ్చుకోగల హక్కు. రెండవది ప్రభుత్వం తన స్థోమతను బట్టి ప్రకటించే పథకం.

ఈ తేడా ఎప్పుడు, ఏ మాటల ద్వారా ఏర్పడిందో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. వైకల్యం గలవారికి ఒకవైపు పింఛను, మరొకవైపు ఉద్యోగ రిజర్వేషను ఉన్నాయి కనుక రెండు రకాల పాలనాభాషలూ వారి విషయంలో పక్కపక్కనే కనిపిస్తాయి. అందుకే ఈ పరిశీలనకు వైకల్య సంక్షేమ చరిత్ర ప్రధాన ఆధారం. వ్యక్తులను పిలిచే పేర్లు, పథకాలకు పెట్టే పేర్లు మారినప్పుడల్లా చర్చ జరిగింది. అయితే జీవితాలను మార్చినవి ఆ పేర్లు కావు. చట్టంలోని క్రియాపదాలు, వాటికి తగిలించిన షరతులు.

దయ నుంచి హక్కుకు

వలసపాలనలో పింఛను ప్రభువు అనుగ్రహం. 1871 నాటి పింఛన్ల చట్టం ఈ భావాన్ని శాసనం చేసింది. ప్రభుత్వం మంజూరు చేసిన పింఛనుకు సంబంధించిన దావాను సివిల్ కోర్టు సాధారణంగా విచారించరాదని అందులోని నాలుగో సెక్షను నిర్దేశించింది. అన్యాయం జరిగిందనుకున్నవారు కలెక్టరుకో, నియమించిన మరో అధికారికో మొర పెట్టుకోవాలి. అంటే పింఛను 'దావా' వేసే విషయం కాదు, 'అర్జీ' పెట్టుకొనే విషయం. దావా వేసేవాడు తనకు రావలసినదాన్ని అడుగుతాడు. అర్జీదారు ఎదుటివారి చిత్తానికి విన్నవించుకుంటాడు.

స్వాతంత్ర్యానంతరం ఉద్యోగుల పింఛను విషయంలో ఈ భావం క్రమంగా సడలింది. 1982 డిసెంబరు 17న డి.ఎస్. నకారా కేసులో సుప్రీంకోర్టు పింఛను యజమాని ఇష్టాన్ని బట్టి దొరికే బహుమానం కాదని, గతంలో చేసిన సేవకు ప్రతిఫలంగా లభించే హక్కని తేల్చింది. విశ్రాంత ఉద్యోగులు ఆ తేదీని నేటికీ పింఛనుదారుల దినంగా జరుపుకొంటారు.

ఏ కొలువూ లేని పేదల పింఛను ఈ తీర్పు పరిధిలోకి రాలేదు. దానికి ఆధారం రాజ్యాంగం 41వ అధికరణం. నిరుద్యోగం, వార్ధక్యం, అనారోగ్యం, అంగవైకల్యం కలిగినప్పుడు ప్రజాసహాయం పొందే హక్కును రాజ్యం కల్పించాలని అది చెబుతుంది. అయితే ఆ వాక్యంలోనే 'ఆర్థిక స్థోమత, అభివృద్ధి పరిమితులకు లోబడి' అన్న అర్థం గల షరతు ఉంది. పైగా ఆదేశిక సూత్రాలను న్యాయస్థానాల ద్వారా అమలు చేయించలేమని 37వ అధికరణం స్పష్టం చేసింది. హక్కు అన్న మాట ఉంది. దాన్ని అడిగే చోటు లేదు.

ఈ నేపథ్యంలోనే 1957లో ఉత్తరప్రదేశ్, ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ సహా ఇతర రాష్ట్రాలు వృద్ధాప్య పింఛన్లు ప్రారంభించాయి. కేంద్రం 1995 ఆగస్టు 15న జాతీయ సామాజిక సహాయ కార్యక్రమాన్ని ఆరంభించి, వృద్ధులకు నెలకు 75 రూపాయలు తన వాటాగా ఇచ్చింది. 2007లో ఆ పథకానికి ఇందిరాగాంధీ పేరు పెట్టేనాటికి ఈ వాటా 200 రూపాయలైంది. 2009లో తీవ్ర వైకల్యం గల పేదలకు జాతీయ పింఛను వచ్చింది; 2012లో దాని కేంద్ర వాటా 300 రూపాయలకు చేరి అక్కడే నిలిచిపోయింది. ధరలతో పాటు పెరగాలన్న నిబంధన ఏదీ లేకపోవడం ఇందుకు కారణం. స్థోమత ఎంతో నిర్ణయించేది ఇచ్చేవారే.

ఒకే చట్టం, రెండు వాక్యాలు

ఉపాధి విషయంలో కథ మరోలా నడిచింది. వైకల్యం గలవారికి ప్రత్యేక ఉపాధి కల్పనా కార్యాలయం మొదట 1959లో బొంబాయిలో ఏర్పడింది. వారి సామర్థ్యాన్ని అంచనా వేసి వృత్తి శిక్షణ ఇచ్చే కేంద్రాలు 1968లో బొంబాయి, హైదరాబాదుల్లో మొదలయ్యాయి. 1977లో కేంద్ర ప్రభుత్వం మూడవ, నాలుగవ తరగతి ఉద్యోగాల్లో అంధులకు, బధిరులకు, చలన వైకల్యం గలవారికి ఒక్కొక్క శాతం చొప్పున 3 శాతం రిజర్వేషను ప్రకటించింది. ఇది కార్యనిర్వాహక ఉత్తర్వు మాత్రమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరమైన 1981లో వికలాంగుల సహకార సంస్థ ఏర్పడింది.

1995లో పార్లమెంటు చేసిన వికలాంగుల చట్టం 1996 ఫిబ్రవరి 7న అమలులోకి వచ్చింది. ఈ వ్యాసానికి కీలకమైన ఆధారం అందులోని రెండు సెక్షన్ల వాక్యనిర్మాణం. 33వ సెక్షను ప్రతి ప్రభుత్వ సంస్థలో 3 శాతానికి తగ్గకుండా ఖాళీలను వైకల్యం గలవారితో నింపాలంటుంది. మినహాయింపు ఇవ్వాలంటే ప్రభుత్వం విడిగా నోటిఫికేషను జారీ చేయాలి. స్థోమత ప్రసక్తి మాత్రం లేదు. 68వ సెక్షను నిరుద్యోగ భృతి గురించినది. ప్రత్యేక ఉపాధి కార్యాలయంలో రెండేళ్లకు పైగా పేరు నమోదై ఉండి పని దొరకనివారికి భృతి పథకం రూపొందించాలంటూ, ఆ వాక్యానికి 41వ అధికరణంలోని ఆర్థిక స్థోమత షరతునే తగిలించింది. రెండింటిలోనూ క్రియ విధ్యర్థకమే. కాని ఒక 'వలెను'కు షరతు ఉంది, మరొక 'వలెను'కు అటువంటిది లేదు.

ఈ తేడా ఫలితం తర్వాతి చరిత్రలో కనబడుతుంది. వైకల్యం గలవారు చేయదగినవిగా గుర్తించిన పోస్టులనే లెక్కలోకి తీసుకొని 3 శాతాన్ని కుదించే పద్ధతి చాలా కాలం సాగింది. దీనిని జాతీయ అంధుల సమాఖ్య సవాలు చేసింది. 2013 అక్టోబరు 8న సుప్రీంకోర్టు రిజర్వేషనును క్యాడరులోని మొత్తం ఖాళీలపై లెక్కించాలని తీర్పు చెప్పింది. షరతు లేని వాక్యం ఉంది కనుకనే ఆ వాదన నిలబడింది. తెలుగునాట నియామకాల రోస్టరులో 6, 31, 56 స్థానాలు వైకల్యం గలవారివి. వంద స్థానాల పట్టికలో ఆ మూడు అంకెలు ఏ బిరుదూ ఇవ్వని గౌరవాన్ని ఇచ్చాయి. ఆ స్థానం నింపకపోతే ఎందుకు నింపలేదని అడగవచ్చు.

68వ సెక్షను కింద భృతికి అటువంటి చరిత్ర ఏర్పడలేదు. 2017 ఏప్రిల్ 19న అమలులోకి వచ్చిన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం రిజర్వేషనును 4 శాతానికి, గుర్తించిన వైకల్యాలను 7 నుంచి 21కి పెంచింది. సామాజిక భద్రత పథకాల్లో వైకల్యం గలవారికి ఇతరులకన్నా కనీసం 25 శాతం ఎక్కువ సహాయం ఉండాలని 24వ సెక్షనులో చేర్చింది. ఇది చిన్న లాభం కాదు. అయినా ఆ సెక్షను ఆరంభంలో పాత షరతు అలాగే ఉంది.

శాతమే ద్వారం

ఉద్యోగానికైనా పింఛనుకైనా దారి ధ్రువపత్రం గుండానే. 40 శాతం వైకల్యం కనీస అర్హత. ఉమ్మడి రాష్ట్రంలో ఈ మదింపు కోసం రూపొందించిన సాఫ్ట్‌వేరు పేరులోని ఇంగ్లీషు తొలి అక్షరాలు 'సదరం' అనే కొత్త తెలుగు మాటగా మారాయి. సదరం క్యాంపు, సదరం సర్టిఫికెట్ అనేవారిలో ఆ అక్షరాల విస్తరణ తెలిసినవారు తక్కువ. అందులోని శాతం విలువ తెలియనివారు లేరు. 2014లో ఆంధ్రప్రదేశ్ 40 నుంచి 79 శాతం వరకు 1,000 రూపాయలు, 80 శాతం, ఆపైన 1,500 రూపాయలు పింఛనుగా నిర్ణయించింది. 79కీ 80కీ మధ్య ఉన్న తేడా శరీరంలో ఎంతో చెప్పలేము గాని, నెలకు 500 రూపాయలని లెక్క చెప్పవచ్చు.

ధ్రువపత్రం ప్రభుత్వ వైద్యులది, పింఛను గ్రామీణాభివృద్ధి శాఖ పరిధిలోని సెర్ప్‌ది, ఉద్యోగం నియామక సంస్థలది. ఒక చోట రాసిన అంకె మిగిలిన రెండు చోట్లా విధిని నిర్ణయిస్తుంది. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో వైకల్య పింఛన్లను పునఃపరిశీలించి, 40 కన్నా తగ్గిందన్నవారికి నోటీసులు ఇచ్చినప్పుడు వచ్చిన ఆందోళనను ఈ కోణంలో చూడాలి. అనర్హులను తొలగించడం పాలనాధర్మమే. కాని ఏళ్ల తరబడి అందుకున్న పింఛను ఒక్క అంకెతో ఆగిపోగలదంటే, అది ఇంకా హక్కు స్థాయికి చేరలేదని అర్థం.

న్యాయస్థానం ఈ గీతను ఒక చోట ప్రశ్నించింది. 2021 ఫిబ్రవరి 11న వికాస్ కుమార్ కేసులో, పరీక్షలో లేఖకుని సహాయం పొందడానికి 40 శాతం వైకల్యం ఉండనవసరం లేదని సుప్రీంకోర్టు చెప్పింది. చట్టంలో 'వైకల్యం గల వ్యక్తి' నిర్వచనం వేరు, నిర్ణీత శాతం గల వ్యక్తి నిర్వచనం వేరు అన్న పదవిశ్లేషణ ఆ తీర్పుకు మూలం.

వ్యక్తుల పేర్లు

కుంటి, గుడ్డి, చెవిటి వంటి మాటలు తిట్లుగానూ వాడుకలో ఉన్నందున, వాటి స్థానంలో 'వికలాంగులు' అన్న సంస్కృత సమాసం గౌరవపదంగా వచ్చింది. 2015 డిసెంబరులో ప్రధాని నరేంద్ర మోదీ ఆకాశవాణి ప్రసంగంలో 'దివ్యాంగ్' పదాన్ని ప్రతిపాదించిన తర్వాత 'దివ్యాంగులు' వ్యాపించింది. ఆంధ్రప్రదేశ్ సంక్షేమ శాఖ 'విభిన్న ప్రతిభావంతులు' అన్న పేరు స్వీకరించింది.

వికలాంగ, దివ్యాంగ పదాలు రెండూ బహువ్రీహులే. మొదటిది లోపాన్ని, రెండవది మహిమను చెబుతుంది. రెండూ అంగం దగ్గరే ఆగుతాయి. 2016 చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో తలసేమియా, హీమోఫీలియా, సికిల్‌సెల్ అనే రక్తవ్యాధులున్నాయి. వీటికి ఏ అంగమూ చెప్పలేము. పైగా ఆ చట్టం దృష్టిలో వైకల్యం శరీరంలో మాత్రమే లేదు. దీర్ఘకాలిక లోపానికి సమాజంలోని అడ్డంకులు తోడైనప్పుడు మనిషి పూర్తిగా పాల్గొనలేని స్థితి అది. మెట్లు మాత్రమే ఉన్న కార్యాలయం కూడా ఆ నిర్వచనంలో భాగమే. ఆ భావాన్ని దివ్యత్వం చెప్పలేదు. 2019లో ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల కమిటీ సైతం భారత్‌పై తన పరిశీలనల్లో ఈ పదంపై ఆక్షేపణ తెలిపింది.

ఉద్యమాలు పాత మాటను వదలకపోవడం గమనార్హం. వికలాంగుల హక్కుల పోరాట సమితి, వికలాంగుల హక్కుల జాతీయ వేదిక అన్న పేర్లలో 'వికలాంగుల' పక్కన 'హక్కులు' ఉంది. వారికి కావలసింది మొదటి పదం మార్పు కాదు, రెండవ పదం అమలు.

పథకాల పేర్లు

2014 నాటికి ఉమ్మడి రాష్ట్రంలో వృద్ధులకు 200, వికలాంగులకు 500 రూపాయలు అందేవి. విభజన తర్వాత రెండు రాష్ట్రాలూ పోటీపడి మొత్తాలు పెంచాయి. తెలంగాణలో 'ఆసరా' వికలాంగ పింఛను 1,500తో మొదలై 2023లో 4,016కు చేరింది. ఆంధ్రప్రదేశ్‌లో 'ఎన్టీఆర్ భరోసా' 2019లో 'వైఎస్సార్ పింఛను కానుక'గా, 2024లో మళ్లీ 'ఎన్టీఆర్ భరోసా'గా మారింది. వికలాంగ పింఛను 6,000 అయింది. దేశంలోని పెద్ద మొత్తాల్లో ఇవి ఉన్నాయి. ఈ ఔదార్యాన్ని తక్కువ చేయనవసరం లేదు.

కాని పేర్లను గమనించాలి. ఆసరా, చేయూత ఆనుకొనేవారిని, భరోసా నమ్మేవారిని ఊహిస్తాయి. 'కానుక' విషయం మరింత విచిత్రం. వాడుకలో దేవునికి, రాజుకు, పెద్దలకు సమర్పించేది కానుక. హుండీలో వేసేదీ కానుకే. అది ప్రధానంగా కింది నుంచి పైకి పోయే వస్తువు. పింఛను కానుక అన్నప్పుడు ఆ దిశ తిరగబడింది. ఆ తిరగబాటులో పౌరుడు దేవుడయ్యాడని అనుకోవచ్చు. ఇచ్చేవాడి పేరు ముందుండడం చూస్తే అలా అనిపించదు. ఇన్ని పేర్లలో 'హక్కు' అన్న మాట ఒక్కదానిలోనూ లేదు.

ముగింపు

1871 చట్టం పింఛనును అర్జీగా నిలిపింది. ఉద్యోగి దాన్ని 1982 నాటికి హక్కుగా మార్చుకొన్నాడు. వైకల్యం గల ఉద్యోగార్థి 1995 చట్టంలోని ఒక వాక్యాన్ని ఆధారం చేసుకొని రోస్టరులో తన స్థానాన్ని అడగగలిగాడు. పింఛను మీదే బతికే వికలాంగుడు మాత్రం పెరిగిన మొత్తంతో, మారిన పేరుతో ఇంకా అర్జీదారుగానే ఉన్నాడు. ప్రజావాణిలో కాగితం పట్టుకొని నిలబడినవారి వరుస అందుకు సాక్ష్యం.

తెలుగు పాలనాభాషా పరిశోధన ఇంతవరకు ఎక్కువగా పారిభాషిక పదాల అనువాదం మీద దృష్టి పెట్టింది. ఏ ఇంగ్లీషు మాటకు ఏ తెలుగు మాట అన్నది అవసరమైన ప్రశ్నే. దానితో పాటు ఉత్తర్వుల్లో 'ఇవ్వవచ్చు', 'ఇవ్వాలి', 'స్థోమత మేరకు ఇవ్వాలి' అన్న మూడు రూపాల చరిత్రనూ రాయాలి. నామపదాలు ప్రభుత్వాలతో పాటు మారుతూ ఉంటాయి. పింఛనుదారు వచ్చే నెల గురించి నిశ్చింతగా ఉండగలడా లేదా అన్నది వాక్యం చివర ఉన్న క్రియను బట్టి, దాని ముందున్న షరతును బట్టి తేలుతుంది.