పుంగనూరు ఆవుల తరలింపు

ఉమ్మడి చిత్తూరు జిల్లా పుంగనూరు ప్రాంతానికి చెందిన పొట్టి జాతి ఆవులను, దూడలను పెంచుకునేవారి ఇళ్లకు వాహనాల్లో చేర్చే పని. ఈ జాతి ఆవు ఎత్తు సుమారు మూడడుగులు. చిన్నదే అయినా ఆవు ఆవే. కుక్కపిల్లలా కారు డిక్కీలో పడేసి తీసుకుపోయేది కాదు.

పనిలో కష్టమంతా ఎక్కించడం, దించడంలోనే ఉంది. బండిని మిట్టకు ఆనించో, వాలుగా పలక వేసో, పలుపు పట్టి మెల్లగా నడిపిస్తారు. తొందరపెడితే పశువు బెదిరి కాలు జారుతుంది. 1978 నాటి జంతు రవాణా నియమాల ప్రకారం సరుకు వాహనంలో ఆరు పశువులకు మించకూడదు, వేరే సరుకు కలపకూడదు. పశువు ప్రయాణానికి తగినదని పశువైద్యుని ధ్రువపత్రం, వెంట ఒక సంరక్షకుడు తప్పనిసరి. నేల జారకుండా కొబ్బరిపీచు చాపో చెక్కలో పరవాలి; తలలు ఇంజను వైపు ఉంటే మేలు. దారిలో మేత, నీళ్లు, ఊపుకు పడిపోయిన దూడను లేపి నిలబెట్టడం సంరక్షకుడి బాధ్యత.

ఈ జాతి పరిరక్షణ పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో సాగుతోంది. 2024 జనవరిలో ప్రధాని నరేంద్ర మోదీ ఢిల్లీ నివాసంలో ఈ ఆవులకు మేత పెట్టిన చిత్రాలను దేశమంతా చూసింది.