రెండో అంతస్తు, గది నంబరు 214

మెట్లు తడిగా ఉన్నాయి, చూసుకుని ఎక్కండి. మధ్యాహ్నం నుంచి కొట్టిన వాన ఇప్పుడే తెరిపిచ్చింది. కారిడార్ పొడవునా తాళ్ల మీద ఆరని లుంగీలు, బనీన్లు. వాటి కింద వంగి నడవాలి. ఆగస్టులో యానాం ఇలాగే ఉంటుంది. బయట గౌతమి ఎర్రనీటితో నిండుగా పోతోంది, బజారులో పులస బేరాలు వేలల్లో సాగుతున్నాయి. ఈ హాస్టల్ రెండో అంతస్తులో మాత్రం చేపల ఊసు లేదు. ఇక్కడి బాధల్లా ఇంటర్నెట్టే.

కాలేజీ పేరు అడక్కండి. ఏ ఊరి హాస్టల్లోనైనా జరిగే భాగోతమే ఇది.

214 తలుపు బార్లా తీసుంది. లోపల మంచం మీద కొత్త ల్యాప్‌టాప్, దాని ముందు మొదటి సంవత్సరం కుర్రాడు. ఊరు రావులపాలెం. కాకినాడలో కొన్న ల్యాప్‌టాప్‌కి అంటించిన ప్లాస్టిక్ ఇంకా పీకలేదు. స్కాలర్‌షిప్ ఫారానికి గడువు ఈ రాత్రితో సరి. ఫోనులో రోజువారీ డేటా మధ్యాహ్నానికే అయిపోయింది. గోడకి, నేలకి జానెడు ఎత్తులో, తెల్ల ప్లాస్టిక్ పెట్టె ఉంది. దాని మీద మార్కర్‌తో రాసిన నంబరు సగం చెరిగిపోయింది. దాంట్లోంచి నీలం రంగు వైరు వచ్చి ల్యాప్‌టాప్ దాకా వెళ్తోంది. నేరుగా కాదు. ఇప్పటి పల్చటి ల్యాప్‌టాప్‌లకు ఆ వైరు పట్టే కన్నం ఉండటం లేదు కాబట్టి, మధ్యలో యూఎస్‌బీకి తగిలించే చిన్న అడాప్టర్ ఒకటి.

మూడో సంవత్సరం సీనియర్ చెప్పులు గుమ్మం బయట వదిలి లోపలికొచ్చాడు.

"ఏరా, దీపం వెలుగుతుందా?"

"లేదండి అన్నయ్యా. వేలితో నొక్కి పట్టుకుంటే ఓసారి మిణుకుమంటుందండి."

మీరూ వంగి చూడండి. వైరు చివర ప్లాస్టిక్ జాక్‌కి ఉండాల్సిన నాలుక విరిగిపోయింది. లోపలి ఇత్తడి రంగు పళ్ల మీద ఆకుపచ్చటి చిలుము. సముద్రం ఇక్కడికి ఎంతో దూరం లేదు. ఉప్పుగాలికి సైకిల్ చువ్వలే ఆగవు, ఈ సన్నటి రేకులెంత?

సీనియర్ తన గదికెళ్లి క్రింపింగ్ ప్లయర్ తెచ్చాడు. తరవాతి పది నిమిషాలు కళ్లప్పగించి చూడాల్సినవి. పాత జాక్‌ని కత్తిరించి పారేశాడు. పైతొడుగు ఒలిచాడు. లోపల ఎనిమిది తీగలు, రెండేసి చొప్పున మెలిపెట్టి ఉన్నాయి. ఆ మెలికే బయటి రొదని తుడిచేస్తుంది. అందుకే అరంగుళం మించి విప్పకూడదు. విప్పి, గోటితో సాపు చేసి, వరసలో పెడుతున్నాడు: తెల్ల నారింజ, నారింజ, తెల్ల ఆకుపచ్చ, నీలం, తెల్ల నీలం, ఆకుపచ్చ, తెల్ల గోధుమ, గోధుమ. ఆకుపచ్చ జతని విడదీసి నడుమ నీలాన్ని ఎందుకు కూర్చోబెట్టారో ఓసారి ఆలోచించండి. నడిమి రెండు గళ్లు టెలిఫోన్ తీగల స్థానం. ఫోను జాక్ పెట్టినా సరిపోవాలని అమెరికాలో వేసిన లెక్క అది. ఆ లెక్కని ఇవాళ యానాంలో ఓ ఇరవయ్యేళ్ల కుర్రాడు కళ్లు మూసుకుని పాటిస్తున్నాడు. ఎనిమిదింటినీ ఒకే పొడవుకి కత్తిరించి, కొత్త జాక్‌లోకి దూర్చి, ప్లయర్‌తో గట్టిగా నొక్కాడు. టక్. కాలేజీ బ్రోచర్లలో కంప్యూటర్ ల్యాబుల ఫొటోలు వేస్తారు గానీ, హాస్టళ్లను నిజంగా నడిపే ఈ చేతుల్ని ఎవరూ ఫొటో తీయరు.

అడాప్టర్ మీద ఆకుపచ్చ దీపం నిలకడగా వెలిగింది. పక్కనే నారింజ దీపం ఆడుతోంది. కుర్రాడి మొహం వికసించింది. తొందరపడుతున్నాడు. తీగ కలిసిందని తప్ప ఆ దీపం ఇంకేమీ చెప్పదు.

"నల్ల కిటికీ తెరువు. ఐపీకాన్ఫిగ్ కొట్టు."

తెరమీద నంబరు వచ్చింది. 169.254తో మొదలవుతోంది. సీనియర్ పెదవి విరిచాడు. ఆ రెండు సంఖ్యలు కనిపిస్తే సంగతి తెలిసిపోతుంది. కంప్యూటర్ అడ్రస్ కోసం అడిగింది, ఎవరూ పలకలేదు, చివరికి తనకు తనే ఒకటి రాసుకుంది. దాంతో ఎక్కడికీ పోలేదు.

"నెట్ కనెక్షన్ ఫారం ఇచ్చావా కింద?"

"ఆయ్, సోమవారమే ఇచ్చేశానండి. వార్డెన్ గారి సంతకం కూడా పెట్టించానండి."

"అందులో మ్యాక్ అడ్రస్ ఏం రాశావు?"

కుర్రాడు ఫోనులో దాచుకున్న ఫారం ఫొటో చూపించాడు. సీనియర్ ఈసారి స్లాష్ ఆల్ కలిపి కొట్టించాడు. తెర నిండిపోయింది. బ్లూటూత్‌కి ఒక భౌతిక చిరునామా, అంటే మ్యాక్, వైఫైకి ఒకటి, విండోస్ తనకోసం సృష్టించుకున్న ఉత్తుత్తి వైఫైలకు ఒకటో రెండో, ఇప్పుడు తగిలించిన అడాప్టర్‌కి ఇంకొకటి. ఒక్కోటీ పన్నెండేసి అక్షరాలు. మొదటి సగం తయారీదారుడి గుర్తు, ఐఈఈఈ అనే సంస్థ కేటాయించేది. రెండో సగం ఆ ముక్కకి మాత్రమే చెందిన నంబరు. ఇన్నింటిలో పైన కనబడ్డ వైఫై నంబరుని కుర్రాడు ఫారంలో ఎక్కించాడు. గోడ పెట్టెకి తగిలించింది అడాప్టర్‌ని. జాబితాలో దాని పేరు లేదు. సర్వర్ పలకలేదు.

పుట్టుకతో వచ్చిన నంబరు ఒకటి, ఉన్న చోటుని బట్టి ఇచ్చే నంబరు ఒకటి. యానాం వాళ్లకి దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. బండి మీద పీవై 04, పాలన ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న పుదుచ్చేరి నుంచి. ఉత్తరం రావాలంటే మాత్రం పిన్‌కోడు 533464, చుట్టూ ఉన్న గోదావరి ఊళ్ల వరసలోది. ల్యాండ్‌లైన్‌కి కాకినాడ కోడే, 0884. ఊరు ఎవరిదో చెప్పేది మొదటి నంబరు, ఊరికి చేరేది రెండో నంబరుతో. కంప్యూటర్లోనూ ఇదే ఏర్పాటు. మ్యాక్ పుట్టుకది, ఐపీ చోటుది.

కిందికి పదండి. మెట్ల కింద ఇరుకు గది, తలుపు తీయగానే ఏసీ చలి మొహానికి తగులుతుంది. ఇనుప రాక్‌లో స్విచ్‌లు, వాటి నిండా ఆడే దీపాలు, మూల యూపీఎస్ కీచుమంటోంది. నెట్‌వర్క్ చూసే ఆయన స్టీలు గ్లాసులో టీ తాగుతున్నారు.

"వైరుతో పెట్టుకుంటూ వైఫై నంబరు రాశావేంటి బాబూ? పోన్లే, కొత్తది చెప్పు."

కుర్రాడు చదువుతుంటే ఆయన ఎక్కిస్తున్నారు. రెండుసార్లు చదివించారు. పన్నెండింటిలో ఒక్కటి తప్పినా మళ్లీ మొదటికే. కుర్రాడు ధైర్యం చేసి అడిగాడు, ఇదంతా ఎందుకండీ అని. ఆయన గోడ మీద ఎప్పుడో అంటించిన కాగితం చూపించి ఊరుకున్నారు. ఆ కాగితంలో 'కఠిన చర్యలు' తప్ప కారణం లేదు. నన్నడిగితే అక్కడే తప్పు. కారణాలు మంచివే ఉన్నాయి, చెబితే పోయేదేం లేదు.

2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే వార్మ్ విండోస్ కంప్యూటర్ల మీద పడింది. ఎవరూ ఏ ఫైలూ తెరవక్కర్లేదు, నెట్‌వర్క్‌కి తగిలించి ఉంటే చాలు, ఒకదాన్నుంచి ఒకదానికి పాకేది. అమెరికాలో సెలవులు ముగించుకుని విద్యార్థులు హాస్టళ్లకి చేరే రోజులవి. వాళ్లతో పాటు రోగమూ దిగింది. ముందు నమోదు, తనిఖీ, ఆ తర్వాతే కనెక్షన్ అనే పద్ధతి చాలా విశ్వవిద్యాలయాల్లో అప్పుడు గట్టిపడింది. మన దగ్గర ఇంకో కారణం ఉంది. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ వ్యవస్థల లాగ్‌లు 180 రోజులు దాచిపెట్టాలి. ఎప్పుడైనా ఎవరైనా వచ్చి, ఫలానా రాత్రి ఫలానా అడ్రస్ ఎవరిదని అడిగితే, రాక్ పక్కన టీ తాగుతున్న ఈయన జవాబు చెప్పుకోవాలి. గది నంబరు, రోల్ నంబరు, పన్నెండు అక్షరాలు ఒకే వరసలో లేకపోతే మూడు వందల మంది పిల్లల్లో ఎవరిని చూపిస్తారు?

పైకొచ్చాం. వైరు పీకి మళ్లీ పెట్టారు. నంబరు మారింది! 192.168.0.107. కుర్రాడు ఎగిరి గంతేసినంత పనిచేశాడు.

"అన్నయ్యా, వచ్చేసిందండి!"

సీనియర్ నవ్వలేదు. ఈ హాస్టల్లో అడ్రస్‌లన్నీ 10తో మొదలవుతాయి. ఇది ఎక్కడిది? సరిగ్గా అప్పుడే కారిడార్ అవతలి చివర నుంచి కేక, "నెట్ పోయిందిరోయ్!" ఇంకో గది నుంచి ఇంకో కేక. తలుపులు తెరుచుకుంటున్నాయి.

ఏం జరిగిందో చెప్తాను వినండి. అడ్రస్ పంచే పద్ధతి పేరు డీహెచ్‌సీపీ. ఇప్పుడు వాడుతున్న ప్రమాణాన్ని 1997లో రాశారు. అది పూర్తిగా నమ్మకం మీద నడిచే వ్యవహారం. కొత్తగా వచ్చిన కంప్యూటర్ నెట్‌వర్క్ అంతటికీ వినపడేలా, 'నాకో అడ్రస్ ఇచ్చేవాళ్లెవరు?' అని అరుస్తుంది. 'ఇదిగో, ఇది తీసుకో' అని ఒకరు పలుకుతారు. 'తీసుకుంటాను' అంటుంది ఇది. 'సరే' అంటారు వాళ్లు. పలికినవాడు అసలు అధికారా, దారినపోయేవాడా అని అడిగే ఏర్పాటు ఆ నాలుగు మాటల్లో ఎక్కడా లేదు. మామూలుగా ముందు పలికినవాడిదే చెల్లుతుంది. ఈ అంతస్తులో ఎవరో ఇంట్లో వాడే వైఫై రౌటర్ తెచ్చి గోడ పెట్టెకి తగిలించారు. వైరుని ఇంటర్నెట్ కన్నంలో కాకుండా పక్కనున్న మామూలు కన్నంలో దూర్చారు. దాంతో ఆ చిన్న రౌటర్ అడిగినవాళ్లందరికీ అడ్రస్‌లు పంచడం మొదలెట్టింది. అడ్రస్ అయితే ఇస్తుంది, బయటికి దారి లేదు.

సీనియర్ బ్రౌజర్‌లో 192.168.0.1 కొట్టాడు. రౌటర్ లాగిన్ పేజీ ఎదురుగా ప్రత్యక్షం. ఇంకో ఆదేశంతో దాని మ్యాక్ నంబరు బయటికి లాగి, ఫోనులో కిందికి చదివాడు. రాక్ దగ్గరాయన స్విచ్‌లోని పట్టిక వెతుకుతున్నారు. ఏ నంబరు ఏ కన్నం నుంచి పలుకుతోందో స్విచ్ గుర్తుపెట్టుకుంటుంది.

"209 బాబూ. తొమ్మిది."

ఇలాంటి దొంగ పంపకాన్ని అక్కడికక్కడే ఆపే సదుపాయం ఆ స్విచ్‌లోనే ఉంది. ఎవరూ ఆన్ చేయలేదంతే. ఎందుకు చేయలేదని అడిగితే, "చేద్దామనే ఉంది" అన్నారు ఆయన.

209 ముందు అప్పటికే ఆరుగురు. లోపల కారైకాల్ నుంచి వచ్చిన కుర్రాడు మంచం కింద నుంచి రౌటర్ని బయటికి లాగుతున్నాడు. పుదుచ్చేరి ప్రవేశాలు చూసే సెంటాక్ కౌన్సెలింగ్‌లో సీటు యానాంలో పడింది, తెలుగు ఇంకా కూడబలుక్కుంటున్నాడు. మూల గది కావడంతో కారిడార్‌లోని వైఫై అక్కడికి అందదు. రాత్రి అమ్మతో వీడియోలో మాట్లాడాలని ఇంటి నుంచి తెచ్చుకున్నాడట. "సారీ అన్నా, తెలియల అన్నా." ఎవరూ కసరలేదు. తడి గోడల్ని ఎంత తిట్టినా సిగ్నల్ రాదని ఇక్కడ అందరికీ అనుభవమే. సీనియర్ రౌటర్ తిరగేసి, వెనకున్న కన్నాలు చూపించి, ఏది దేనికో చెప్పాడు. "ముందు కింద అడిగి రాయించుకో. తర్వాత నేనొచ్చి పెడతాను."

వైరు పీకినంత మాత్రాన అందరికీ నెట్ రాదు. తప్పుడు అడ్రస్ తీసుకున్న ప్రతి కంప్యూటరూ దాన్ని గడువు దాకా పట్టుకుని కూర్చుంటుంది. "రిలీజ్ కొట్టండ్రా, తర్వాత రెన్యూ!" కేకలు ఒక చివర నుంచి ఇంకో చివరకి వెళ్లాయి. ఆదేశాలు తెలియనివాళ్లు వైరు పీకి పెట్టారు. అదీ పనిచేస్తుంది.

214లో తెరమీద 10తో మొదలయ్యే నంబరు నిలిచింది. లాగిన్ పేజీ వచ్చింది. రోల్ నంబరు, పాస్‌వర్డ్. మొదటిసారి తప్పు కొట్టాడు, చేతులు తడిగా ఉన్నాయి. రెండోసారి లోపలికి. స్కాలర్‌షిప్ సైటు నిదానంగా విచ్చుకుంటోంది. ఆ నిదానం సైటుదే, వైరుది కాదు. ఆదాయ ధ్రువపత్రం ఎక్కుతుండగా సీనియర్ పక్క ట్యాబ్‌లో వేగం చూసే పేజీ తెరిచాడు. 'మీరున్న చోటు' అన్న దగ్గర చెన్నై అని పడింది. ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ తన నంబర్లని ఏ ఊరి మీద చూపించుకుంటే ఆ ఊరే పడుతుంది.

"మనం చెన్నైలో ఉన్నామంటండి," అన్నాడు రావులపాలెం కుర్రాడు, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

ఫారం అందినట్టు రసీదు నంబరు వచ్చింది. సీనియర్ ప్లయర్ జేబులో పెట్టుకుని లేచేలోపు 213 నుంచి ఇంకో మొదటి సంవత్సరం వాడు ఫోను పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"అన్నా, నిన్న నంబరు రాయించాను. ఇవాళ చూస్తే ఫోన్లో వేరే నంబరుంది."

"సెట్టింగుల్లో చూడు. ప్రైవసీ అని, ర్యాండమ్ మ్యాక్ అని ఉంటుంది. ఆండ్రాయిడ్ పది నుంచి ఇదే గొడవ, అసలు నంబరు దాచేసి ఉత్తుత్తిది చూపిస్తాయి. బజార్లో మంచిదే, ఎవడూ నీ వెంట పడలేడు. ఇక్కడ మాత్రం మన నెట్‌వర్క్ ఒక్కదానికే అసలు నంబరు పెట్టు."

"ఎక్కడుందన్నా అది?"

"ఇలా ఇవ్వు," అని సీనియర్ మళ్లీ మంచం మీద కూర్చున్నాడు.