ఒంటిపలక బల్లల పగుళ్లు: శాస్త్రమును, మన పనియు

భద్రాచలము నుండి పాల్వంచ, ఇల్లెందు వఱకు వ్యాపించిన అడవి టేకు, ఏగిస, నల్లమద్ది చెట్లకు పుట్టినిల్లు. ఇది చిరకాలము సరిహద్దు సీమ. గోదావరి ఎడమగట్టున గల భద్రాచల ప్రాంతమును నిజాము 1860లో ఆంగ్లేయులకు వదలెను. 1874లో అది గోదావరి జిల్లాలో చేరెను. 1959లో ఖమ్మము జిల్లాకు వచ్చెను. పాలకులు మాఱిరి గాని, ఇరుగట్టులందును మనవారి చేతి బాడిసయు ఉలియు మాఱలేదు.

ఏకఖండమగు వెడల్పు పలకతో బల్ల చేయించుకొను వేడుక నేడు సంపన్నులలో ప్రబలినది. అట్టి పలకకు పగులో, ముడి యూడిన తొఱ్ఱయో తఱచుగ నుండును. పూడ్చితిమా, దోషమును కప్పి మోసగించితిరందురు. పూడ్చకున్నచో వంటచెఱకు వెలకు అడుగుదురు. ఈ నింద మన వృత్తికి తగదు. వరాహమిహిరుని చూడుడు.

క్రీ.శ. ఆఱవ శతాబ్దివాడైన ఆ జ్యోతిష్కుడు బృహత్సంహితలో శయ్యాసనములకొక ప్రత్యేకాధ్యాయమునే వ్రాసెను. అందు శాకము, అనగా మన టేకు, అసనమనెడి ఏగిస, తిందుకమనెడి తుమికి మంచములకును పీఠములకును మేలైనవని చెప్పి, కొయ్యయందలి రంధ్రములను ఆఱు తెగలుగ విభజించెను: నిష్కుటము, కోలాక్షము, సూకరనయనము, వత్సనాభము, కాలకము, ధుంధుకము. నోరు ఇఱుకై లోపల కడవవలె గుల్లయైనది నిష్కుటము, నల్లనిది కాలకము, విచ్చిపోయినది ధుంధుకము. నిష్కుటమువలన ధననాశమనియు, కోలాక్షమువలన కులనాశమనియు ఫలములు చెప్పెను. ఆ ఫలములను నమ్మువారు నమ్ముదురు గాక. మాకు ముఖ్యమైనది చివరి మాట: కొయ్య రంగుననే యున్న రంధ్రము అంత చెడ్డది కాదని ఆయన నిర్ణయము. ఇది పనివాని కంటితో చూచిన మాట. నల్లబడిన తొఱ్ఱయందు కుళ్లో పురుగో యుండును. రంగు చెడని పగులు చుట్టును చేవ నిలిచియుండును. మొదటిది త్యాజ్యము, రెండవది చికిత్సార్హము.

చికిత్సకు మూలమును ఆ గ్రంథముననే కలదు. వజ్రలేపాధ్యాయమున పచ్చి తుమికికాయలు, పచ్చి వెలగకాయలు, బూరుగపూలు, అందుగు గింజలు మున్నగువానిని ద్రోణము నీట కాచి, ఎనిమిదవ పాలు మిగిలిన పిదప గుగ్గులు, జీడిగింజలు మొదలగువానిని కలిపి, వేడిగ పూయుమని యున్నది. మఱియొక యోగమున లక్క చేరును. ఇవి ఆలయములకు, ప్రతిమలకు, గోడలకు, బావులకు చెప్పబడినవి. తుమికి, వెలగ, బూరుగ మన యడవిలో ప్రతి గొడ్డలికిని పరిచితములే! కొమ్ములు, తోళ్లు చేర్చి చేయు మూడవ యోగమునకు వజ్రతలమని పేరు. తోళ్లనుండి తీసిన బంకను మన వడ్రంగులు వజ్రమనియే పిలిచిరి. ఈ పేరు అచటినుండియే దిగివచ్చినదని మా తలంపు.

ఇక పని. కొయ్య ఎండునపుడు నిడివిన దాదాపు కుదియదు, అడ్డమున కుదియును. కొనలు ముందుగ ఎండును. కావున పగులు కొననుండియే బయలుదేఱును. పచ్చి పలకలో పూడ్చిన పూడిక నిలువదు. పలక పూర్తిగ ఆఱు వఱకు ఓపిక వహింపవలెను. కొననుండి సాగు పగులునకు పూడిక మాత్రమే చాలదు. డమరుకమువలె నడుమ సన్నమై కొనలు వెడల్పైన గట్టికొయ్య ముక్కను పగులునకు అడ్డముగ దింపినచో అది మఱి సాగకుండును.

వజ్రము చెమ్మకు వదలును. 1946 ప్రాంతమున స్విట్జర్లాండునుండి వచ్చిన అరాల్డైటును, 1959లో బొంబాయిలో పుట్టిన ఫెవికాలును దానిని వెనుకకు నెట్టినవి. ఇందు మాకు చింత లేదు. అయితే ఫెవికాలు అతుకులకే గాని లోతైన తొఱ్ఱలకు కాదు. అది ఆఱుచు కుంచించుకొనును.

చిన్న రంధ్రములకు మోదుగ, పుసుగు, రేగు చెట్లపై దొరకు లక్క నేటికిని చాలును. రంధ్రమును శుభ్రము చేసి, ఆ కొయ్య పొట్టునే కరగిన లక్కలో కలిపి నింపవలెను. చల్లారునపుడు లక్క కొంత దిగును గనుక పలక మట్టమునకు పైగ నింపి, గట్టిపడిన పిదప ఉలితో చెక్కి చిత్రిక పట్టవలెను. కొనువానికి ఆ తావును వ్రేలితో చూపియే బల్లను అప్పగింపవలెను.