కంప్యూటరులోని చిన్న గడియారము

1981 ఆగస్టు 12వ తేదీన ఐ.బి.ఎం. సంస్థ తన మొదటి పర్సనల్ కంప్యూటరును ప్రకటించినది. ఆ యంత్రము రెప్పపాటులో వేలకొలది కూడికలు చేయగలదు. కాని ఆ దినము ఏ తేదీయో దానికి తెలియదు. స్విచ్చి వేసినప్పుడెల్ల తేదీ యేమని, వేళ యెంతయని అది యజమానినే అడుగుచుండెను. విసిగి, జవాబు చెప్పకయే మీట నొక్కినచో దాని లెక్కలో ఆనాడు 1980 జనవరి 1, మంగళవారము. అప్పుడు వ్రాసిన జాబులకును, పద్దులకును ఆ తేదీయే పడెడిది. ఏది పాత ప్రతియో, ఏది దిద్దిన ప్రతియో పోల్చుకొనుట కష్టమయ్యెడిది.

దీనికి కారణము తేలికగా గ్రహింపవచ్చును. యంత్రము నడుచుచున్నంత సేపు కాలమును లెక్కించు ఏర్పాటు అందులో ఉన్నది. కరెంటు పోయినచో ఆ లెక్కయు పోవును.

1984లో వచ్చిన ఐ.బి.ఎం. ఎ.టి. కంప్యూటరులో ఈ లోపము తీరినది. అందులో మోటరోలా సంస్థవారి ఎం.సి.146818 అను చిప్పును అమర్చి, దానికి ప్రత్యేకముగా ఒక బ్యాటరీ నిచ్చిరి. కంప్యూటరు నిద్రించినను ఆ చిప్పు మేల్కొనియే యుండును. దానికి తాళము వేయునది ఒక క్వార్ట్జు స్ఫటికము. కొన్ని స్ఫటికములను నొక్కినచో విద్యుదావేశము పుట్టునని 1880లో క్యూరీ సోదరులు కనుగొనిరి. విద్యుత్తు నిచ్చినచో అట్టి స్ఫటికము కంపించును. 1927లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో మారిసన్, హోర్టన్ అనువారు ఆ కంపనములతోనే గడియారమును నడిపిరి. కంప్యూటరులోని స్ఫటికము సెకనుకు 32,768 మారులు కంపించును. ఈ సంఖ్యను పదునైదు మారులు సగము చేసినచో సరిగా ఒకటి మిగులును. అదియే ఒక సెకను.

చిత్రమేమనగా, ఆ చిప్పులో 64 బైట్ల జ్ఞాపకశక్తి యుండగా గడియారమునకు 14 చాలెను. మిగిలిన 50 ఊరక పోనేల? డిస్కు ఏ రకముదో, మెమరీ యెంతయో ఐ.బి.ఎం. ఇంజనీర్లు అందులోనే వ్రాసి పెట్టిరి. ఈ పొదుపుతో కాలమును, యంత్రపు అమరికలును ఒకే బ్యాటరీకి ముడిపడినవి. అది చచ్చిన నాడు తేదీ మాత్రమే కాదు, తనలో డిస్కు ఉన్నదను సంగతియే పాత కంప్యూటరు మరచిపోయెడిది.

తరువాతి తయారీదారులలో కొందరు నికెల్-కాడ్మియము బ్యాటరీలను బోర్డుకే అతికించిరి. అవి ఏండ్లు గడచిన పిమ్మట కారి, రాగి తీగలను తినివేసినవి. డల్లాస్ సంస్థ బ్యాటరీని చిప్పులోనే మూసివేసినది. అది అయిపోయినచో చిప్పునే మార్చవలెను! చివరకు నిలిచినది బిళ్ళవంటి సి.ఆర్.2032 లిథియము ఘటము. దాని అడ్డుకొలత 20 మిల్లీమీటర్లు, మందము 3.2 మిల్లీమీటర్లు, పీడనము 3 వోల్టులు. గోడ స్విచ్చి వేసి యున్నంత కాలము దాని పని స్వల్పమే. వేసవి సెలవులంతయు మెయిన్ స్విచ్చి కట్టివేసిన కళాశాలలలో, అరిగిన ఘటములు జూన్ నెలలో బయటపడుటకు ఇదియే హేతువు.

గడియారము మాటిమాటికి పాత సంవత్సరమునకు పోవుచున్నచో మొదట అనుమానింపవలసినది ఈ ఘటమునే. తేదీ తప్పినచో బ్యాంకుల వెబ్‌సైట్లు సైతము తెరచుకొనవు. వాటి ధ్రువపత్రముల గడువును కంప్యూటరు తన తేదీతోనే సరిచూచును. ప్లగ్గు ఊడదీసి, పాత బిళ్ళను తీసి, ఎట్లుండెనో అట్లే కొత్తదానిని అమర్చి, అమరికల తెరలో తేదీని, వేళను దిద్దవలెను. పాత బిళ్ళను పిల్లలకు అందనీయరాదు. మ్రింగినచో ప్రాణాపాయము.

తేడా సరిగా అయిదున్నర గంటలే యైనచో ఘటమును నిందింపరాదు. ఎ.టి. నాటి వాడుక ననుసరించి విండోస్ ఆ చిప్పులో స్థానిక కాలమును వ్రాయును. లినక్సు సాధారణముగా గ్రీనిచ్ కాలమును వ్రాయును. రెండును ఒకే కంప్యూటరులో కాపురమున్నచో ఒకటి వ్రాసినదానిని రెండవది తప్పుగా చదువును. అచ్చట ఎన్ని బిళ్ళలు మార్చినను ఫలితము లేదు. రెండింటిలో ఒకదానిని రెండవదాని పద్ధతికి త్రిప్పవలెను.